ఎన్ని నిమిషాలు పడుతుందో నిజం చెప్పండి: వైద్య ఆరోగ్య శాఖకు ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,
శాఖ కార్యదర్శి గారికి,
ఉమ్మడి వరంగల్‌లోని ఆరు జిల్లాల కలెక్టర్లకు, జిల్లా వైద్యాధికారులకు,

నమస్కారం.

నేను వరంగల్ రీజియన్‌లో 29 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషిని. ఏ పార్టీ కండువా నా మెడలో లేదు. అంబులెన్సుల ఆలస్యం మీద రెండుసార్లు, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇచ్చాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు. ఆ తర్వాత సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. మా మండలం బండి ఏ రోజు ఎన్ని గంటలకు కదిలింది, ఎన్ని గంటలకు చేరింది, అంతే నేనడిగింది. ఆ కాగితం ఆ చట్టం 6(3) సెక్షన్ కింద ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు, అక్కడి నుంచి మూడో ఆఫీసుకు బదిలీ అయింది. మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని అదే చట్టం 7(1) సెక్షన్‌లో ఉంది. నా దరఖాస్తు మాత్రం నెలలు దాటినా తిరుగుతూనే ఉంది.

అందుకే ఇప్పుడు అందరి ముందు రాస్తున్నాను. ఊరి పేరు, దవాఖాన పేరు, ఉద్యోగుల పేర్లు రాయడం లేదు. ఎవరో ఒకరిని సస్పెండ్ చేసి ఫైలు కట్టేస్తే నాకు ఒరిగేదేం లేదు. అసలు వివరాలు మీ కాల్ రికార్డుల్లోనే ఉన్నాయి, మీరు అడిగిన రోజు తేదీ, ఫోన్ నంబరు ఇస్తాను.

ఆ పొద్దున జరిగింది

పోయిన ఫిబ్రవరి. మిర్చి ఏరే రోజులు. మా తమ్ముడికి 52 ఏళ్లు. రెండెకరాలు మిర్చి వేశాడు. కల్లంలో ఎండబోసిన కాయకు కాపలా పడుకున్నాడు. పొద్దున 5:10కి మొహం కడుక్కుంటూ చేతిలోని చెంబు జారవిడిచాడు. మరదలు సరిగ్గా అప్పుడే చాయ్ తీసుకుని పోయింది కాబట్టి ఆ టైము మాకు పక్కాగా తెలుసు. “బావా, మీ తమ్ముని మూతి వంకర పోతాంది, మాట వస్తలేదు” అని ఉరికొచ్చింది. మనిషిని ఇంటికి చేర్చి, 5:25కి నేనే 108కి ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. జిల్లా, మండలం, ఊరు, ఇంటి గుర్తు అన్నీ అడిగి రాసుకుంది. “ఇరవై నిమిషాల్లో వస్తుంది సార్” అంది.

అప్పుడు పక్కింటాయన బొలెరో మా ఇంటి ముందరే ఉంది. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు ఎత్తి తాళ్లు కడుతున్నారు. “అన్నా, నాలుగు బస్తాలు దింపుత, తమ్మున్ని పండవెట్టు, పోదాం” అన్నాడాయన. నేనే వద్దన్నాను. అంబులెన్సులో ఆక్సిజన్ ఉంటుంది, చూసే మనిషి ఉంటాడు, బస్తాల మీద కుదుపుకుంటూ తీసుకుపోతే ఇంకేదన్నా అవుతుందేమో అనుకున్నాను. ఇరవై నిమిషాలే కదా అన్నాను. బొలెరో 5:40కి వెళ్లిపోయింది.

5:50కి మళ్లీ చేస్తే “దగ్గర్లోనే ఉంది సార్” అన్నారు. 6:10కి పైలటే, అంటే అంబులెన్సు డ్రైవరే, ఫోన్ చేశాడు. “సార్, నేను వరంగల్ల ఉన్న. రాత్రి రిఫర్ కేసు దింపిన, గిప్పుడే స్ట్రెచర్ చేతికొచ్చింది, బయలెల్తున్న” అన్నాడు. ఇరవై నిమిషాలని మాకు ఎవరు, ఏ లెక్కన చెప్పారో ఆయనకూ తెలియదు. 7:05కి బండి వచ్చింది. ఫోన్ చేసిన వంద నిమిషాలకు.

అక్కడి నుంచి దగ్గర్లోని ప్రభుత్వ దవాఖానకు 7:35కి చేరాం. అక్కడ సీటీ స్కాన్ లేదు. డాక్టరు మంచి మనిషి, చూడగానే పచ్చవాతమని చెప్పి, 8:10కి వరంగల్‌కు రిఫర్ రాశాడు. బయటికొచ్చి చూస్తే మమ్మల్ని దింపిన బండి ఒక కాన్పు కేసుకు వెళ్లిపోయింది. దాని తప్పేం లేదు, ఆ తల్లికీ అదే దిక్కు. ప్రైవేటు బండిని అడిగితే నాలుగున్నర వేలన్నాడు, సరే రమ్మంటే డ్రైవర్ లేడన్నాడు. ఇంకో మండలం నుంచి 108 బండి 8:55కి వచ్చింది. వరంగల్‌లో క్యాజువాలిటీ గేటు దాటేసరికి 10:05.

రక్తం గడ్డకట్టి వచ్చిన పచ్చవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంటుంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల వేయాలి. అదీ సీటీ తీసి, మెదడులో రక్తస్రావం లేదని చూసుకున్నాకే. మా తమ్ముడికి ఆ గడువు 9:40తో అయిపోయింది. స్కాన్‌లో గడ్డే అని తేలింది. అక్కడి డాక్టరమ్మ నాతో దాపరికం లేకుండా చెప్పింది: “గంటన్నర ముందు వచ్చి ఉంటే ఇంజెక్షన్‌కు అవకాశం ఉండేది. పూర్తిగా లేచేవాడని మాత్రం నేను చెప్పలేను.” ఆ మాటను ఉన్నదున్నట్టు రాస్తున్నాను. లేచేవాడని నేనూ అనడం లేదు. ఆ అవకాశం మాకు దక్కలేదంటున్నాను.

పక్కింటాయన ఏనుమాముల గేటు దగ్గర తీసుకున్న చిట్టీ నా దగ్గర ఉంది. దాని మీద టైము 7:12. మిర్చి బస్తాలు మా తమ్ముడి కంటే దాదాపు మూడు గంటల ముందు వరంగల్ చేరాయి.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే ఇంత రాసేవాణ్ణి కాదు

ఆ తర్వాత తమ్ముడితో తొమ్మిది రోజులు దవాఖానలో ఉన్నాను. పగలు చాలాసేపు క్యాజువాలిటీ గేటు దగ్గర చెట్టు కిందనే కూర్చున్నాను. వచ్చే బండి, పోయే బండి చూస్తూ, పైలట్లతో చాయ్ తాగుతూ. డ్రైవర్‌కు డ్రైవర్ దగ్గర మాట దొరుకుతుంది. నాకు అర్థమైన వాటిని, మామూలు జనం మీద పడే బరువును వరుసగా రాస్తున్నాను.

1. ఫోన్‌లో చెప్పే టైమును నమ్మి జనం చేతిలో ఉన్న దారిని వదులుకుంటున్నారు. ఇదే అన్నిటికంటే పెద్ద నష్టం. బండి రెండు గంటలు రాదని తెలిస్తే ఎవరూ గేటు దగ్గర కూర్చోరు. ట్రాలీ ఆటో ఉంది, ట్రాక్టర్ ఉంది, సర్పంచ్ కారు ఉంది, ఏదో ఒకటి చూసుకుంటారు. ‘ఇరవై నిమిషాలు’ అనే మాట ఆ కాళ్లను కట్టేస్తుంది. నా పాపం కూడా ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. బస్టాండ్‌లో ప్యాసింజర్లు “బస్సు ఎప్పుడొస్తది?” అని అడిగితే “ఇప్పుడే, పది నిమిషాల్ల” అని నేనూ చాలాసార్లు అన్నాను. ఆ బస్సు డిపోలోంచే కదలలేదని తెలిసి కూడా. వాళ్లు ప్రైవేటు జీపు ఎక్కిపోవద్దని. అది బస్సు కాబట్టి సరిపోయింది.

2. రాత్రి కాట్లు. కట్లపాము ఎక్కువగా రాత్రే, కింద పడుకున్నవాళ్లనే కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు. కొన్ని గంటల్లో కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలే పడిపోతాయి. విరుగుడు మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో పడినా, ఊపిరి నిలపడానికి వెంటిలేటర్ దాకా చేర్చాలి. ‘పల్లెటూరోళ్లు మంత్రాల వెంట పడి ప్రాణం తీసుకుంటరు’ అని సభల్లో అంటుంటారు. 108 రావడానికి గంటన్నర పడితే, మంత్రగాడు రెండు ఇళ్ల అవతలే ఉంటాడు. పురుగుల మందు తాగిన కేసూ అంతే. పత్తి, మిర్చి పండే మా జిల్లాల్లో ఏ పైలట్‌ను అడిగినా మొదట చెప్పేది ఆ కేసుల గురించే.

3. కాన్పు తర్వాత రక్తస్రావం. అప్పటిదాకా బాగున్న తల్లి, వైద్యం అందకపోతే రెండు గంటల్లోపే చనిపోవచ్చు. 102 బండి కాన్పుకు తీసుకుపోతుంది, ఇంటికి దింపుతుంది, మంచిదే. చిన్న దవాఖాన నుంచి పెద్ద దవాఖానకు ఉన్నపళంగా మార్చాల్సి వచ్చినప్పుడు మళ్లీ 108 కోసమే చూడాలి. ఆ రెండు గంటలు అక్కడే కరిగిపోతాయి.

4. బతికి బయటపడ్డవాళ్ల బతుకు. మా తమ్ముడి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట నలభై శాతం వచ్చిందని ఫిజియోథెరపీ చేసే అబ్బాయి అంటాడు, మాకు మాత్రం రెండు మాటలే అర్థమవుతాయి. ఆ ఏడు మిగిలిన మిర్చి ఏరడానికి కూలీల డబ్బులు చాలక చెట్టు మీదనే ఎండిపోయింది. మరదలు కూలికి పోయేది, ఇప్పుడు పోలేదు, ఆయన్ని లేపాలి, కూర్చోబెట్టాలి, తినిపించాలి. డిగ్రీ రెండో ఏడు చదివే కొడుకు చదువు మాని హన్మకొండలో సామాన్లు చేరవేసే పనికి కుదిరాడు. వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు మూడుసార్లు ఎత్తుకుపోయాం. సర్టిఫికెట్ వస్తే నెలకు 4,016 రూపాయల పింఛను. ఒక ఇంట్లో ఒకరు పడిపోతే ఇద్దరి సంపాదన, ఒకరి చదువు ఆగాయి. ఆలస్యం ఖరీదు కట్టేటప్పుడు డీజిల్ లెక్క, జీతాల లెక్క వేస్తారు కదా, ఈ లెక్క కూడా వేయండి.

5. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. సంతోషం. ఆ పది లక్షల మంచం దాకా చేరితేనే కదా అది అక్కరకొచ్చేది. వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు జాగలో 24 అంతస్తుల దవాఖానకు 2021 జూన్ 21న శంకుస్థాపన చేశారు. ఇరవై నాలుగో అంతస్తుకు పోవడానికి లిఫ్టు ఉంటుంది. మా ఊరి నుంచి దాని గేటు దాకా పోవడానికి ఏముంది?

6. చివరికి కోపమంతా పడేది పైలట్ మీద, బండిలో రోగిని చూసే ఈఎంటీ మీద. ఆ రోజు మా మరదలు తమ్ముడు పైలట్ కాలర్ పట్టుకున్నాడు. ఆ పిల్లగాడు పన్నెండు గంటల డ్యూటీ చివర్లో, రాత్రంతా తిరిగి, 55 నిమిషాల్లో 48 కిలోమీటర్లు తోలుకొచ్చాడు. ఆ సింగిల్ రోడ్డు మీద అది ఎంత కష్టమో నాకు తెలుసు. తర్వాత వెతుక్కుంటూ పోయి నేను క్షమాపణ చెప్పాను. “అలవాటే సార్” అన్నాడు. ఆ ‘అలవాటే’ నాకు నచ్చలేదు.

బండ్లు లేవా, ఉన్నవి ఎక్కడున్నాయి?

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. దాని వల్ల బతికినవాళ్లు మా ఊళ్లోనే పదిమంది ఉంటారు. కొత్త బండ్లూ వస్తూనే ఉన్నాయి. 2023 ఆగస్టు 1న 108, 102, పార్థివ వాహనాలు కలిపి 466, మళ్లీ 2024 డిసెంబర్ 2న 213 అంబులెన్సులు జెండా ఊపి పంపారు. ఏ ప్రభుత్వం తెచ్చిందనే పంచాయితీ నాకొద్దు. ఇన్ని వచ్చాక కూడా మా మండలానికి వంద నిమిషాలు ఎందుకు పట్టిందన్నదే నా ప్రశ్న.

డిపో భాషలో చెప్తాను. ఒక డిపోకు వంద షెడ్యూళ్లు ఉంటే వంద బస్సులే ఉంచరు, మీద స్పేర్ బస్సులు ఉంటాయి. బ్రేక్‌డౌన్ అయితే, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ)కి పోతే, ఆ స్పేర్ లైన్‌లోకి వస్తుంది. మండలానికి ఉన్న ఒక్క అంబులెన్సు టైరు పగిలి షెడ్డుకు పోయిన రోజు, దాని జాగలో ఏ బండి వస్తుంది? నేను మాట్లాడిన పైలట్లెవరూ ‘స్పేర్ వస్తది’ అనలేదు. పక్క మండలం బండిని సర్దుతారు. అప్పుడు పక్క మండలం ఖాళీ.

దాని కంటే ఎక్కువ టైము తినేది రిఫర్ ట్రిప్పు. చిన్న దవాఖాన నుంచి పెద్ద దవాఖానకు రోగిని మార్చడం కూడా ఈ బండి పనే. యాభై కిలోమీటర్ల అవతలికి ఒక రిఫర్ కేసు పోయిందంటే ఆ మండలం మూడు గంటలు అనాథ. అదే సమయంలో రోడ్డు మీద ఎవరైనా పడితే, కాల్ సెంటర్ తెర మీద దగ్గరి బండి ఎక్కడో వరంగల్‌లో కనిపిస్తుంది.

ఇక స్ట్రెచర్. నేను గేటు దగ్గర కళ్లారా చూసింది ఇదే. బండి లోపలికి వస్తుంది, రోగిని బండి స్ట్రెచర్ మీదనే క్యాజువాలిటీలోకి తోస్తారు. లోపల మంచం ఖాళీ ఉండదు, దవాఖాన స్ట్రెచర్ ఖాళీ ఉండదు. రోగి ఆ స్ట్రెచర్ మీదనే ఉండిపోతాడు. ఆ స్ట్రెచర్ లేకుండా బండి కదలలేదు. ఒక బండి అలా 50 నిమిషాలు నిలబడింది. పైలట్ చెట్టు కింద, ఈఎంటీ లోపల స్ట్రెచర్‌కు కాపలా. ఒక ఇనుప బల్లకు చక్రాలు పెడితే ఎంతవుతుంది? అది లేక లక్షల రూపాయల బండి ఆగిపోతోంది. మా తమ్ముడికి రావాల్సిన బండి ఆ రాత్రి ఆగింది కూడా దీనికే.

ఊరి పేర్ల గొడవ కూడా చిన్నదేం కాదు. ఒక్క ములుగు జిల్లాలోనే వెంకటాపూర్ మండలం ఉంది, వెంకటాపురం మండలమూ ఉంది. ఒకటి రామప్ప గుడి ఉన్నది. ఇంకోటి గోదావరి అవతల. కంగారులో ఫోన్ చేసినవాడు ‘పూర్’ అన్నాడా ‘పురం’ అన్నాడా అని హైదరాబాద్‌లో కూర్చున్న మనిషికి ఎట్లా తెలుస్తుంది? తండాలు, గూడేల పేర్లయితే ఇంకా కష్టం. నాయక్ పేరుతో తండా ఒకటి, రికార్డులో పేరు ఇంకొకటి. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక ఊళ్లు జిల్లా మారాయి. జిల్లా ఏదని అడిగితే పాత అలవాటున ‘వరంగల్’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

లక్ష జనాభాకు ఒక మామూలు అంబులెన్సు, ఐదు లక్షలకు ఒక అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ బండి అని జాతీయ ఆరోగ్య మిషన్ కొలమానం. పట్నానికి సరిపోవచ్చు. 2011 లెక్కల్లో ములుగు జిల్లా జనాభా మూడు లక్షల లోపే. ఆ లెక్కన మూడు బండ్లు చాలు. వాజేడు మనిషి ములుగు రావాలంటే ముళ్లకట్ట బ్రిడ్జి మీద గోదావరి దాటి, ఏటూరునాగారం, తాడ్వాయి అడవి, పస్రా దాటి రావాలి. నేను ఆ రోడ్డులో బస్సు తోలాను. తలకాయలు లెక్కపెడితే ఆ దూరం తగ్గదు. వానాకాలం సంగతి వేరే చెప్పాలా? 2023 జూలై చివర్లో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి నీళ్లలో మునిగింది. జంపన్న వాగు పొంగి కొండాయిలో మనుషులు కొట్టుకుపోయారు. అంత వరద ఏటా రాదు గానీ, వాగు ఇవతల అంబులెన్సు, అవతల మంచం మీద రోగి అనే దృశ్యం మాత్రం ఏటా ఉంటుంది.

ఇదేం దానం కాదని కూడా గుర్తు చేయాలి. పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే కూలీ 1992లో రైలు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, ప్రభుత్వ దవాఖానలు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదని తిప్పి పంపాయి. ఆ కేసులో 1996 మే 6న సుప్రీంకోర్టు, సమయానికి వైద్యం అందించకపోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కును కాలరాయడమేనని చెప్పింది. డబ్బు లేదనే సాకు చెల్లదంది. పీహెచ్‌సీ నుంచి జిల్లా దవాఖానకు, అక్కడి నుంచి పెద్ద దవాఖానకు రోగిని చేర్చే అంబులెన్సులు ఉండాలని, మంచం ఎక్కడ ఖాళీ ఉందో ముందే తెలిసే ఏర్పాటు ఉండాలని కూడా చెప్పింది. మూడు దశాబ్దాలు గడిచాయి. మేం ఇంకా గేటు దగ్గరే మంచం ఖాళీ ఉందా అని అడుగుతున్నాం.

మా డిమాండ్లు

1. ఫోన్ చేసినప్పుడు బండి ఎక్కడుందో, ఎన్ని నిమిషాలు పడుతుందో నిజం చెప్పాలి. ప్రతి బండికీ జీపీఎస్ ఉంటుంది, కాబట్టి తెలియదనే మాట చెల్లదు. అరగంట దాటుతుందంటే, “మీ దగ్గర బండి ఉంటే బయల్దేరండి, మా బండి ఎదురొస్తుంది” అని చెప్పి, తొవ్వలో ఎక్కడ కలవాలో చెప్పాలి. దారి పొడవునా రోగిని ఎలా పండబెట్టాలో, ఏం తినిపించవద్దో ఫోన్‌లో చెప్పే మనిషి ఉండాలి. దీనికి కొత్తగా ఒక్క బండి కూడా కొనక్కర్లేదు. ఆ పొద్దున ఎవరైనా “గంటన్నర పడుతుంది” అని ఉంటే, నేను బస్తాలు దింపించేవాణ్ణి.

2. పచ్చవాతం, గుండెపోటు, తల దెబ్బ కేసులను సీటీ స్కాన్, తగిన మందు లేని దవాఖానకు తీసుకుపోయి అక్కడి నుంచి రిఫర్ రాయించే పద్ధతి ఆపాలి. ఏ కేసుకు ఏ దవాఖానో ఈఎంటీ చేతిలో ముందే జాబితా ఉండాలి. దారిలోనే ఆ దవాఖానకు ఫోన్ పోవాలి. ఏరియా దవాఖానల్లో సీటీ, గడ్డ కరిగించే ఇంజెక్షన్, పెద్ద డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి వేసే ఏర్పాటు ఎప్పటిలోగా వస్తాయో తేదీలతో చెప్పండి.

3. రిఫర్ ట్రిప్పులకు వేరే బండ్లు పెట్టాలి. మండలం బండి మండలంలో ఉండాలి. పోక తప్పకపోతే పక్క బండిని ఆ మండలం మధ్యకు జరపాలి. జిల్లాకు కనీసం రెండు స్పేర్ బండ్లు, డ్రైవర్లతో సహా.

4. వరంగల్, హన్మకొండలోని పెద్ద దవాఖానల క్యాజువాలిటీల్లో అదనపు స్ట్రెచర్లు, తోసే మనుషులు, 24 గంటలూ. రోగిని అప్పజెప్పి బండి 20 నిమిషాల్లో బయటపడాలి. ఏ బండి ఎంతసేపు నిలబడిందో గేటు దగ్గర రాయాలి. డిపో గేటులో మా బస్సుకు ఔట్ టైము, ఇన్ టైము రాసినట్టే.

5. మండలాలవారీగా ప్రతి నెలా లెక్కలు బయటపెట్టాలి. ఫోన్ టైము, చేరిన టైము, దవాఖానకు చేర్చిన టైము. సగటు ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. ఒక బస్సు కిక్కిరిసి, ఇంకో బస్సు ఖాళీగా పోతే, సగటున రెండూ సగం నిండినట్టే కనిపిస్తాయి. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడికి ఆ సగటు ఏం చేస్తుంది? గంట దాటిన ప్రతి కేసుకూ కారణం రాయాలి.

6. ఊళ్లు, తండాలు, గూడేల పేర్లన్నీ జనం పిలిచే పేరుతో సహా పంచాయతీ కార్యదర్శులు, ఆశా కార్యకర్తల చేత రాయించి కాల్ సెంటర్‌కు ఇవ్వాలి. ఇది నెల రోజుల పని.

7. జూన్ నుంచి అక్టోబర్ దాకా, వాగులతో తెగిపోయే ప్రాంతాల్లో వాగు అవతలి వైపు ఒక బండి, ఒక ఈఎంటీ, పాముకాటు మందు ఉండాలి.

8. పైలట్లకు, ఈఎంటీలకు ఎనిమిది గంటల డ్యూటీ, సమయానికి జీతం. ఎనిమిది గంటలు దాటి తోలిన డ్రైవర్ కళ్లు ఎట్లా మూతపడతాయో నాకు తెలుసు. బస్సులో ప్యాసింజర్లు అరిచి లేపుతారు. అంబులెన్సులో వెనక ఉన్నవాడు అరవలేడు.

జనానికి కూడా రెండు మాటలు. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194ఇ సెక్షన్ కింద పది వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. రోడ్డు మీద పడ్డవాణ్ణి దవాఖానకు చేర్చినవాళ్లను కేసుల్లోకి లాగకుండా అదే చట్టం 134ఎ సెక్షన్ కాపాడుతుంది, భయపడకండి. ఊరికే 108కి ఫోన్ చేసి ఆడుకునే పిల్లల చెవి మెలేయండి. పైలట్ మీద చెయ్యి మాత్రం ఎత్తకండి.

ఈ లేఖ ప్రతిని వచ్చే సోమవారం ప్రజావాణిలో స్వయంగా ఇస్తాను. దానితో పాటు ఆ రోజు నేను చేసిన ఫోన్ల వివరాలు, దవాఖాన రిఫర్ కాగితం, స్కాన్ రిపోర్టు, ఏనుమాముల గేటు చిట్టీ జిరాక్సులు జత చేస్తాను. ముప్పై రోజుల్లో ఏ డిమాండ్ ఒప్పుకున్నారో, ఏది ఒప్పుకోలేదో, ఎందుకో రాతపూర్వకంగా తెలపండి. ‘పరిష్కరించబడినది’ అని మెసేజ్ పెట్టవద్దు.

తమ్ముడిని కూడా వెంట తీసుకొస్తాను. పక్కింటాయన బొలెరోలో వస్తాం. కలెక్టరేట్ మెట్ల దగ్గర ఒక వీల్‌చైర్ ఉంచమని సిబ్బందికి చెప్పగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్
ఉమ్మడి వరంగల్ జిల్లా